రైలు పట్టా ముక్కతో దాగలి చేయాలంటే ముందు దాన్ని నిలబెట్టండి

మీరడిగింది క్లుప్తంగా ఇది. గాజువాకలో ఇంటి వెనక చిన్న కొలిమి పెట్టుకున్నారు. పాతినుము కొట్లో 60 సెం.మీ. పొడవున్న 52 కేజీ (మీటరుకి సుమారు అంత తూగే రకం) పట్టా ముక్క దొరికింది. చేతిలో నాలుగంగుళాల గ్రైండరు, 200 యాంపుల ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను ఉన్నాయి. చాకులు, కొడవళ్లు, కొక్కేలు లాంటి చిన్న పనులకి దాగలి, అంటే కాల్చిన ఇనుముని పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ, కావాలి. పట్టాని పడుకోబెట్టి ఓ చివర మొనలాంటి కొమ్ము చెక్కి, పైన 20 మి.మీ. ఎం.ఎస్. (మెత్తటి ఉక్కు) ప్లేటు వెల్డు చేసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే సరిపోతుందా అని అడిగారు.

మూడూ వద్దు. కొమ్మూ వద్దు, ప్లేటూ వద్దు, నీళ్లూ వద్దు. ముక్కని నిలువుగా నిలబెట్టి, పై కోతనే చదును చేసుకుని వాడండి. పని పదో వంతుకి తగ్గుతుంది, దాగలి అంతకంటే బాగా పనిచేస్తుంది.

వీడియోల్లో పట్టా దాగలి ఎప్పుడూ రైలు కింద ఉన్నట్టే పడుకుని ఉంటుంది. ముందు కొమ్ము, వెనక తోక, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ దాగలికి కావలసింది అందం కాదు. సుత్తి దెబ్బ పడ్డచోట వంగకుండా, ఊగకుండా ఎదురు నిలవాలి. అంటే దెబ్బకి సరిగ్గా కింద, నిలువునా ఎంత ఇనుముందన్నదే లెక్క. 52 కేజీ పట్టా మీటరుకి 51.89 కిలోలు తూగుతుంది. ఎత్తు 156 మి.మీ., తల వెడల్పు 67, పాదం వెడల్పు 136. తలనీ పాదాన్నీ కలిపే నడుము మందం మాత్రం 15.5 మి.మీ. పడుకోబెట్టి తల మీద కొడితే దెబ్బంతా ఆ సన్నటి నడుము గుండానే దిగాలి. తల అంచున కొడితే కింద గాలి తప్ప ఏమీ ఉండదు. పట్టా అటూ ఇటూ ఊగుతుంది, పాదం అంచులు స్ప్రింగులా లేస్తాయి, వేడి ఇనుము సాగాల్సిన బలం ఆ ఊపులో పోతుంది. ఇక చివర కొమ్ము చెక్కారంటే దాని కింద ఆధారమే లేదు. సరిగ్గా గట్టిగా కొట్టాల్సిన చోటే అది డొల్ల.

అదే ముక్కని నిలబెడితే తల కోత కింద అర మీటరుకి పైగా ఇనుము ఒకే వరసలో ఉంటుంది. కొట్టే చోటు చిన్నదే, సుమారు 67 మి.మీ. వెడల్పు, 45 నుంచి 50 మి.మీ. లోతు. చిన్నదని కంగారు పడొద్దు. సుత్తి ముఖం 35 నుంచి 40 మి.మీ. ఉంటుంది, ఒక్క దెబ్బకి అంతకుమించి చోటు అక్కర్లేదు. చాకు పొడుగ్గా ఉంటే దాన్ని ముందుకి జరుపుతూ కొడతారు గానీ దాగలిని జరపరు కదా.

ముక్కలో ఏముందో ముందు చూసుకోండి. నడుము మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. పట్టా బరువు, ఉక్కు గ్రేడు, తయారీ కంపెనీ, సంవత్సరం అక్కడే దొరుకుతాయి. మన దగ్గర పట్టాలు ఎక్కువగా భిలాయ్‌లో తయారైనవే. విశాఖ ఉక్కు కర్మాగారం పట్టాలు తయారు చేయదు, కాబట్టి ఎవరైనా "ఇది స్టీల్ ప్లాంటు పట్టా" అంటే అక్కడ వాడినదని అర్థం, అక్కడ చేసినదని కాదు. 60 సెం.మీ. ముక్కలో అక్షరాలు పడకపోతే కొలిచి తేల్చుకోండి. ఎత్తు 172, పాదం 150, నడుము 16.5 మి.మీ. ఉంటే 60 కేజీ పట్టా. ఎత్తు 143, పాదం 136.5, నడుము 14 మి.మీ.కి దగ్గరగా ఉంటే పాత 90 ఆర్, మీటరుకి 44.6 కిలోలు. 52 కేజీకీ 90 ఆర్‌కీ పాదం వెడల్పు దాదాపు ఒక్కటే కాబట్టి పాదం చూసి మోసపోవద్దు, ఎత్తు కొలవండి.

గ్రేడ్ దగ్గర 880 అని ఉంటే కార్బన్ 0.60 నుంచి 0.80 శాతం, మాంగనీసు 0.80 నుంచి 1.30 శాతం ఉన్న ఉక్కు. గట్టిదనం బ్రినెల్ అనే కొలతలో కనీసం 260. పాతకాలపు పట్టాల్లో కార్బన్ కాస్త తక్కువగా ఉండొచ్చు. ఏదైనా ఎం.ఎస్. ప్లేటు కంటే రెట్టింపు గట్టిదే. ఇంత మంచి ఉక్కు మీద మెత్తటి ప్లేటు అతికించడమంటే పట్టుచీర మీద గోనెసంచి కప్పడమే.

చక్రాలు నడిచిన పట్టాకి పైపొర కొన్ని మిల్లీమీటర్ల దాకా నలిగి ఇంకా గట్టిపడి ఉంటుంది. పడుకోబెట్టి వాడేవాళ్లు ఈ పొరని చూసే మురిసిపోతారు. కానీ తల పైభాగం చదునుగా ఉండదు, కాస్త గుబ్బగా ఉంటుంది. కొత్త పట్టాకి నడిమధ్య సుమారు 2 మి.మీ. అరగదీస్తే గానీ 45 నుంచి 50 మి.మీ. వెడల్పు చదును రాదు. అంటే ఏ పొర కోసం పడుకోబెట్టారో అది మొదటి రోజే గ్రైండరు కింద సగం పోతుంది.

పగుళ్ల సంగతి అసలు వదలొద్దు. తుక్కులోకి వచ్చిన పట్టా ఏదో ఒక కారణంతోనే వచ్చి ఉంటుంది. తల మూలల్లో చేపపొలుసుల్లాంటి సన్నటి గీతలు, పైన చిన్న నల్లటి గుంటలు, బోల్టు బెజ్జాల చుట్టూ నక్షత్రంలా విచ్చుకున్న పగుళ్లు ఉన్నాయేమో చూడండి. నడుముకీ తలకీ చుట్టూ ఉబ్బెత్తు పట్టీలాగా ఉంటే అది థర్మిట్ వెల్డు, అంటే రెండు పట్టాల్ని కరిగిన లోహం పోసి అతికిన చోటు. లోపల ఉండేది పోత ఉక్కు, బుడగలు ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ భాగం కొట్టే చివరకి రాకూడదు. మలుపులో పనిచేసిన పట్టా తల ఓ పక్కకి అరిగిపోయి ఉంటుంది. కిరండూల్ వైపు వెళ్లే కేకే లైన్ లాంటి ఘాట్ మార్గాల్లో మలుపులు ఎక్కువ, అలాంటి చోట నుంచి వచ్చిన ముక్కలు ఇలాగే ఉంటాయి. నిలువు దాగలికి ఇదేమంత దోషం కాదు, ముఖం కాస్త చిన్నదవుతుందంతే.

పరీక్షకి ఖరీదైన కిట్టు లేకపోతే కిరసనాయిలు, సుద్దపొడి చాలు. వైరు బ్రష్షుతో శుభ్రంగా తోమి కిరసనాయిలు పూయండి. పది నిమిషాలాగి పొడిగుడ్డతో బాగా తుడిచేసి సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే లోపల దాగిన నూనె పావుగంటలో సుద్ద మీద సన్నటి తడిగీతలా పైకొస్తుంది. వెల్డింగ్ సామాన్ల షాపుల్లో మూడు స్ప్రే డబ్బాల సెట్టు కూడా దొరుకుతుంది. ఎర్ర రంగు, తెల్ల పొడి, క్లీనరు. అది ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

బిల్లు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రైల్వే సొత్తు అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966 నాటి చట్టం ఉంది. మొదటి తప్పుకే ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ట్రాక్ పక్కన ఎన్నేళ్లుగా తుప్పుపట్టి పడి ఉన్న ముక్కయినా రైల్వేదే. రైల్వే తన తుక్కుని ఈ-వేలంలో పెద్ద లాట్లుగా అమ్ముతుంది, అవి పాడుకున్న వ్యాపారుల నుంచే మనలాంటి వాళ్లకి ముక్కలు రావాలి. కొనేటప్పుడు బరువు, "వాడిన రైలు ముక్క" అన్న వివరం ఉన్న బిల్లు రాయించుకోండి, వీలైతే వేలం డెలివరీ కాగితం నకలు తీసుకోండి. పట్టాల్ని బిగించే పాండ్రోల్ క్లిప్పులు, ఫిష్ ప్లేట్లు, కీలకీ ఇదే వర్తిస్తుంది. ఆ క్లిప్పుల ఉక్కు ఉలులకి బాగుంటుందని తెలిసి ఎక్కడపడితే అక్కడ ఏరుకునేవాళ్లున్నారు. ఆ పని చేయకండి.

ఇక కోత. మీ ముక్కకి రెండు చివరలూ గ్యాస్ కట్టరుతో కోసి ఉంటాయి, తుక్కు దుకాణాల్లో అదే పద్ధతి. ఆ చివరని అలాగే చదును చేసి వాడితే ఏమవుతుందో చూడండి. గ్యాస్ మంట ముందుకి జరగ్గానే వెనక ఉన్న చల్లటి ఇనుము ఆ వేడిని గబగబా లాగేసుకుంటుంది. ఇంత కార్బన్ ఉన్న ఉక్కుకి అది నీళ్లలో ముంచినట్టే. కోత వెంబడి కొన్ని మిల్లీమీటర్ల మేర గాజులాంటి పెళుసు పొర ఏర్పడుతుంది. ఆకురాయి పెట్టి ఒక్కసారి లాగి చూడండి. మంచి చోట పళ్లు గరగరమని పట్టి రజను రాలుస్తాయి. ఇక్కడ సర్రున జారిపోతుంది, గీత కూడా పడదు, ఆకురాయి పళ్లే మెరుస్తాయి. గట్టిగా ఉంది కదా, మంచిదే అనుకోవద్దు. ఆ పొరలో కంటికి కనిపించని పగుళ్లుంటాయి. సుత్తి అంచు తగిలితే పెంకులాగా ఎగిరి కంట్లోకి వస్తుంది.

అందుకని రెండు చివరలా 15 మి.మీ. చొప్పున తీసేయించండి. నాలుగంగుళాల గ్రైండరుతో ఈ కోత పెట్టుకోవద్దు. దాని డిస్కు 25 మి.మీ.కి మించి లోపలికి దిగదు, తల లోతు 51 మి.మీ. నాలుగు వైపుల నుంచీ కోసుకుంటూ వెళ్తే కోతలు కలవవు, మెట్లు మెట్లుగా వస్తుంది, దాన్ని చదును చేయడానికి మళ్లీ రెండు రోజులు పడుతుంది. పెద్ద డిస్కు పట్టడానికి గార్డు తీసేసి ఏడంగుళాల డిస్కు బిగించే ఆలోచన అస్సలు వద్దు. ఏడంగుళాల డిస్కు నిమిషానికి 8,500 చుట్లకే పనికొస్తుంది. మీ గ్రైండరు 11,000 దాటి తిరుగుతుంది. డిస్కు ముక్కలైతే కత్తుల్లా ఎగురుతాయి.

ఆటోనగర్‌లో పవర్ హాక్సా గానీ బ్యాండ్‌సా గానీ ఉన్న షెడ్డుకి తీసుకెళ్లండి. రెండు కోతలకి ఎంతవుతుందో ముందే మాట్లాడుకోండి. అక్కడ రెండు మాటలు చెప్పండి. ఒకటి, కోత చక్రాలు నడిచిన తల పైనుంచి మొదలుపెట్టొద్దు. ఆ గట్టి పొర మీద బ్లేడు పళ్లు మొదట్లోనే మొద్దుబారతాయి. పాదం వైపు నుంచి గానీ పక్క నుంచి గానీ దిగాలి. రెండు, అంగుళానికి 6 పళ్ల బ్లేడు వేయమనండి. అంతకంటే ముతక బ్లేడైతే 15.5 మి.మీ. నడుము దగ్గర ఒకేసారి రెండు పళ్లే ఆనతాయి, తగులుకుని విరుగుతాయి. కూలెంటు ధారగా పడాలి. కోత తిన్నగా రావడం చాలా ముఖ్యం, ఎందుకంటే పై కోత మీ దాగలి ముఖం, కింది కోత దాని కాళ్లు. మూలమట్టం పెట్టి చూడండి. 67 మి.మీ. తల మీద ఒక మిల్లీమీటరు వాలు ఉంటే గ్రైండరుతో సర్దుకోవచ్చు, నాలుగైదు ఉంటే మళ్లీ కోయించడమే నయం. అన్నీ పోగా 57 సెం.మీ. మిగులుతుంది, బరువు 29.6 కిలోలు.

ఏ చివర పైకి రావాలో ఇప్పుడు నిర్ణయించుకోండి. రెండు చివరలకీ మళ్లీ కిరసనాయిలు పరీక్ష చేసి, పగులు లేని వైపు పైకి పెట్టండి. రెండూ బాగుంటే బోల్టు బెజ్జాలున్న వైపు కిందికి పోనివ్వండి.

ముఖం చదును చేయడం ఓపిక పని, కష్టమైన పని కాదు. ముందు గ్రైండింగ్ వీల్‌తో కోత గీతలు తీసేయండి, తర్వాత 40 నంబరు ఫ్లాప్ డిస్కు, దాని తర్వాత 80, చివర 120. డిస్కుని ఒకే చోట ఆపితే గుంట పడుతుంది. అడ్డంగా ఓసారి, నిలువుగా ఓసారి మార్చి మార్చి నడపండి. నీలిరంగు తేలేంత వేడెక్కనివ్వొద్దు. ఎక్కడ మెరకుందో తెలియాలంటే దీపం మసి నూనెలో కలిపి మందపాటి గాజుపలక మీద పల్చగా రాసి, పలకని ముఖం మీద ఆనించి కాస్త జరపండి. మసి అంటిన చోట్లే ఎత్తు, అక్కడే అరగదీయండి. నాలుగైదు సార్లు ఇలా చేస్తే మసి అంతటా అంటుతుంది. స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో వెలుగు కనబడకూడదు. నడుమ వెంట్రుకవాసి ఉబ్బు ఉన్నా ఫర్వాలేదు, గుంట మాత్రం ఉండొద్దు. గుంట మీద తిన్నగా కొట్టిన చాకు కూడా వంకర పోతుంది.

అంచుల దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. పదునుగా, అద్దంలా తళుక్కుమనే అంచు దాగలికి శత్రువు. వేడి ఇనుముని మెట్టులా దించేటప్పుడు ఆ పదును లోపలికి కోసేస్తుంది, ఇనుము మడతపడి అక్కడే తర్వాత విరుగుతుంది. తప్పిన దెబ్బకి అంచు కూడా చిట్లుతుంది. మీకు దగ్గరున్న అంచుని 3 మి.మీ. గుండ్రం చేయండి. కుడి వైపుది 1.5 మి.మీ., ఎడమ వైపుది 6 మి.మీ. మూడు రకాల అంచులుంటే దాదాపు అన్ని మెట్లూ వాటి మీదే వస్తాయి. గుండ్రం సరిగ్గా వచ్చిందో లేదో వేలితో రాసి చూస్తే తెలిసిపోతుంది, గోరు ఎక్కడా తగులుకోకూడదు.

నిలువు దాగలిలో అసలు మజా తల వెనక ఉంటుంది. పై కోతలో తల ముఖం ఒక్కటే కాదు, నడుము, పాదం కూడా కనిపిస్తాయి కదా, వాటిని వృథా పోనివ్వొద్దు. తలకీ పాదానికీ మధ్య నడుములో 40 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. లోతు గాడి తీయండి. అప్పుడు తల మీద పని చేసేటప్పుడు వెనక నడుముకి ఇనుము తగలదు. గాడి తీసే ముందు దాని రెండు కింది మూలల్లో 10 మి.మీ. బెజ్జాలు వేసుకుని, తర్వాత గ్రైండరుతో కోతలు వాటిలోకి దించండి. మూల పదునుగా మిగిలితే ఏడాది రెండేళ్లలో అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. డ్రిల్లు బిట్టు హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) అయితే నెమ్మదిగా, బరువుగా, నూనె పోస్తూ నడపాలి. వేగంగా తిప్పితే బిట్టే కాలిపోతుంది.

గాడికి అవతల మిగిలేది 136 మి.మీ. పొడవున్న పాదం. దాని కుడి రెక్కని పైన గుండ్రంగా, సుమారు 8 మి.మీ. వ్యాసార్ధంతో అరగదీస్తే ఇనుముని సాగదీయడానికి పనికొస్తుంది. చదునైన ముఖం మీద పది దెబ్బలకి సాగేది దీని మీద ఆరేడు దెబ్బలకే సాగుతుంది. ఎడమ రెక్కని రెండు వైపుల నుంచీ 60 డిగ్రీల వాలుతో ఉలిలా చేస్తే వేడి కడ్డీ కోసుకోవచ్చు. కోసేటప్పుడు చివరి రెండు దెబ్బలూ పక్కకి కొట్టాలి. సుత్తి తిన్నగా ఉలి మీద దిగితే రెండూ పాడవుతాయి. పని లేనప్పుడు ఆ ఎడమ రెక్క మీద ఓ పైపు ముక్క తొడిగి ఉంచండి, చెయ్యి తగిలితే నెత్తురే.

ఇది సరిపోదు, కొమ్ము కూడా కావాలనిపిస్తే పట్టాని చెక్కకండి. 40 మి.మీ. గుండ్రటి కడ్డీ గానీ పాత ట్రాక్టరు యాక్సిల్ ముక్క గానీ పక్కనే వేరే మొద్దుకి దిగ్గొట్టండి. రింగులు, కొక్కేలు దాని మీద తిప్పుకోవచ్చు. పనిముట్లు గుచ్చే చదరపు బెజ్జం కావాలంటే 25 మి.మీ. చదరపు పైపు ముక్కని పెట్టెలో దిగేస్తే సరిపోతుంది. పెట్టె అన్నది ఇప్పుడు చెబుతాను.

ముఖం ఎత్తు మీరు నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేసి పిడికిలి బిగిస్తే పిడికిలి కణుపులు ఎక్కడికొస్తాయో అక్కడికి రావాలి. చాలామందికి అది 72 నుంచి 78 సెం.మీ. మధ్య. దీనికి ఇసుక పెట్టె బాగా పనిచేస్తుంది. 25 మి.మీ. చెక్క పలకలతో లోపల 30 సెం.మీ. చదరం, 60 సెం.మీ. ఎత్తు ఉన్న పెట్టె కట్టి, చుట్టూ రెండు చోట్ల ఇనప పట్టీలు బిగించండి. అడుగున ఇసుక 15 సెం.మీ. పోసి దిమ్మిసతో గట్టిగా కుదించండి. దాని మీద ప్లేటు. పైన వెల్డు చేద్దామనుకున్న 20 మి.మీ. ప్లేటు 20 సెం.మీ. చదరం కోసి ఇక్కడ వేయండి, అది పనికొచ్చే చోటు ఇదే. ఆ ప్లేటు మీద పట్టాని నిలబెట్టి, రసమట్టంతో ముఖం చూసుకుంటూ, చుట్టూ పది సెంటీమీటర్లకోసారి ఇసుక కుదించుకుంటూ రండి. మొత్తం ఇసుక సుమారు 80 కిలోలు పడుతుంది, పట్టా పెట్టె పైన 14 సెం.మీ. బయట ఉంటుంది, ముఖం నేల నుంచి 74 సెం.మీ. ఎత్తులో వస్తుంది. మీకు ఇంకా ఎత్తు కావాలంటే అడుగు ఇసుక పెంచుకోండి. వారం వాడాక ఇసుక ఓ అంగుళం కుంగుతుంది, మళ్లీ పోసి కుదించండి.

ఇసుక అనగానే సముద్రం దగ్గర్లోనే ఉంది కదా అనిపిస్తుంది. బీచ్ ఇసుక మాత్రం తేవొద్దు. అక్కడ నుంచి తీయడానికి అనుమతి లేదన్నది ఒకటి, దాంట్లోని ఉప్పు గాలిలో తేమని పీల్చి పాతిన భాగాన్ని లోపల్లోపల తినేస్తుందన్నది రెండోది. నది ఇసుక గానీ రోబో శాండ్ గానీ ఎండబెట్టి వాడండి. పాతే భాగానికి ముందే రెడ్ ఆక్సైడు, దాని మీద తారు పూయండి. కాంక్రీటులో దిగ్గొట్టేయాలనిపిస్తుంది, అదీ వద్దు. దెబ్బలకి కాంక్రీటు పట్టా చుట్టూ పొడిపొడిగా రాలి పట్టా ఊగడం మొదలెడుతుంది, తర్వాత బయటికి తీయలేరు.

మొద్దులోనే పెట్టాలని పట్టుబడితే చింత మొద్దు తెచ్చుకోండి, అడితిలో అడిగితే దొరుకుతుంది. సరుగుడు మన దగ్గర చవక గానీ ఆరేకొద్దీ చివరల్లో చీలుతుంది. తాటి పీచు దెబ్బలకి విచ్చుకుపోతుంది.

ఇసుక పెట్టెకి ఇంకో లాభం ఉంది. పట్టాని కొడితే గుడిగంటలా మోగుతుంది, ఇరుగుపొరుగుకి అదే పెద్ద గొడవ. ఇసుకలో పాతితే ఆ మోత చాలా వరకు చచ్చిపోతుంది. మిగిలినదానికి పాత స్పీకరు మాగ్నెట్ ఒకటి నడుముకి అంటించండి. చెవుల్లో ప్లగ్గులు ఎలాగూ పెట్టుకోవాలి.

సుత్తి బరువు దాగలి బరువులో ఇరవై ఐదో వంతు దాటకూడదనుకుంటే మీకు 1.2 కిలోల సుత్తి హద్దు. చాకులకి కిలో సుత్తి చాలు. సమ్మెట వేయించే పని దీని మీద పెట్టుకోవద్దు. సుత్తి ముఖం అంచులు కూడా గుండ్రం చేయండి. దాగలి మీద పడే గాట్లలో సగం సుత్తి అంచువే.

ఇప్పుడు కాల్చి ముంచే సంగతి. ఈ ఉక్కు గట్టిపడదా అంటే పడుతుంది, ఆ మాత్రం కార్బన్ ఉంది. పని చేసే 50 మి.మీ. మేర 800 నుంచి 830 డిగ్రీలకి తేవాలి. అయస్కాంతం అంటుకోవడం మానేసిన తర్వాత ఇంకాస్త వేడి అన్నమాట. ముప్పై కిలోల ముక్క చివరని ఆ వేడికి తేవాలంటే చాకుల కొలిమి చాలదు, వేడంతా కిందికి పారిపోతూనే ఉంటుంది. తెచ్చారే అనుకుందాం. 51 మి.మీ. తల, దాన్ని ఆనుకుని 15.5 మి.మీ. నడుము. నీళ్లలో నడుము ముందు చల్లారుతుంది, తల ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట లాగులాట మొదలై టింగ్ మని ఒక్క చప్పుడు. అంతటితో ముక్క తుక్కే. గాడి తీసి ఉంటే ఇంకా తొందరగా పగులుతుంది. నూనెలో ముంచుదామా అంటే ఇంత ఇనుముకి పెద్ద డ్రమ్ము నూనె కావాలి, అది అంటుకుంటే ఇంటి వెనక ఆర్పగలిగేది కాదు.

పైగా అవసరమే లేదు. మీరు కొట్టేది ఎర్రటి ఇనుము, దాని ముందు 260 బ్రినెల్ ఎంతో గట్టిది. గాట్లు పడేది చల్లటి ఇనుము కొట్టినప్పుడు, దెబ్బ తప్పినప్పుడు. ఆరునెల్లకోసారి 80 నంబరు ఫ్లాప్ డిస్కుతో పది నిమిషాలు చదును చేసుకుంటే పోతాయి. 57 సెం.మీ. ఇనుముంది, అర మిల్లీమీటరు చొప్పున పోయినా మీ మనవళ్ల దాకా వస్తుంది.

వెల్డింగ్ ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే మిషను చేతిలో ఉంటే చెయ్యి ఊరుకోదు. ప్లేటుని చుట్టూ అంచుల్లో మాత్రమే వెల్డు చేయగలరు, మధ్యలో పల్చటి ఖాళీ మిగిలిపోతుంది. కొడితే డొల్లగా మోగుతుంది, దెబ్బ బలం కిందికి దిగదు. ఆ వెల్డు కూడా నిలవదు. ఇంత కార్బన్ ఉక్కుకి వెల్డు చేయాలంటే ముందు చుట్టూ 350 డిగ్రీల దాకా వేడి చేయాలి, తేమ లేని 7018 రకం వెల్డింగ్ రాడ్లు వాడాలి, అయ్యాక పొడి బూడిదలో కప్పి రాత్రంతా నెమ్మదిగా చల్లార్చాలి. అందరి దగ్గరా ఉండే 6013 రాడ్డు చల్లటి పట్టా మీద పెడితే వెల్డు అందంగానే కనిపిస్తుంది. దాని పక్కనే పట్టాలో పగులు వస్తుంది, ఒక్కోసారి మర్నాడు తెల్లారి చూస్తే గానీ బయటపడదు. విశాఖ గాలిలో విప్పి పెట్టిన 7018 ప్యాకెట్టు కూడా తేమ పీల్చేస్తుంది, ఓవెన్‌లో ఎండబెట్టకుండా వాడితే అదే పగులు. పట్టా నిలబడడానికి లగ్గులు, కాళ్లు వెల్డు చేయాలన్న ఆలోచనకీ ఇదే సమాధానం. ఇసుక ఉండగా వాటి అవసరం లేదు.

ఇంకా కొనని వాళ్లకి ఒక సలహా. పోర్టు ఉన్న ఊళ్లో ఉంటూ మామూలు పట్టా కోసమే తిరగక్కర్లేదు. బిల్లుతో క్రేన్ పట్టా దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. సి.ఆర్. 100 అనే రకం ఎత్తు 150, పాదం 150, తల వెడల్పు 100 మి.మీ., నడుమే 38 మి.మీ. పైన ఉంటుంది, మీటరుకి 89 కిలోలు. అర మీటరు ముక్క 44.5 కిలోలు. నడుము అంత మందంగా ఉంటుంది కాబట్టి దాన్ని పడుకోబెట్టినా బాగానే పనిచేస్తుంది, పడుకోబెట్టదగ్గ పట్టా అదొక్కటే. పాయింట్ల దగ్గర, అంటే రైలు ఓ లైను నుంచి ఇంకో లైనుకి మారే చోటు నుంచి వచ్చిన పెద్ద పోత ముక్కలు చూపిస్తే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే అది మాంగనీసు ఉక్కు క్రాసింగు. కొట్టేకొద్దీ గట్టిపడుతుంది గానీ దానికి డ్రిల్లు దిగదు, రంపం దిగదు, వేడి చేస్తే పెళుసవుతుంది. కోసి ఉన్న ముక్క సరైన కొలతలో దొరికితే తప్ప జోలికి వెళ్లొద్దు.

తుప్పు సంగతి గాజువాకలో ఉన్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను. చదును చేసిన ముఖం వానాకాలంలో రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. పని అయ్యాక ముఖం గోరువెచ్చగా ఉండగానే ఆముదం గానీ ఇంజను ఆయిలు గానీ పల్చగా రాయండి. పైన గోనెపట్టా కప్పకండి, అది తేమని పట్టి ఉంచుతుంది. నూనె గుడ్డ వేసి ప్లాస్టిక్ బకెట్టు బోర్లించండి. పక్కలకి రెడ్ ఆక్సైడు మీద ఎనామెల్ రెండు పూతలు వేయండి, ముఖానికీ అంచులకీ రంగు తగలనివ్వొద్దు.

వాడకంలో మొదటి రెండు నెలలు అంచుల మీద కన్నేసి ఉంచండి. దెబ్బలకి అంచు పుట్టగొడుగులా బయటికి విప్పారితే ఆ రోజే ఆకురాయితో తీసేయండి, ఎగిరేది ఆ విప్పారిన పెంకే. కంటికి అద్దాలు గ్రైండరు దగ్గరే కాదు, దాగలి దగ్గర కూడా ఉండాలి.

కోతకి తీసుకెళ్లే ముందు తల వెడల్పు పైన ఒక చోట, కింద ఒక చోట కొలవండి. ఓ పక్క 8 మి.మీ. కంటే ఎక్కువ అరిగిపోయి ఉంటే ఆ కొలతలు, రెండు చివరల ఫొటోలు ఇక్కడ పెట్టండి. అప్పుడు అంచుల గుండ్రాలు ఏ వైపు ఎంత ఉండాలో మార్చి చెబుతాను.